చర్చి, సినిమా హాలు, గడ్డి కొట్టం: నెకార్ లోయలో నాలుగు రోజులు

బాబాయికి కోటలు చూపిస్తే సరిపోతుందనుకున్నాను. తెనాలిలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జర్మనీ రావడం ఇదే మొదటిసారి. కొండ మీద హోహెన్‌జోలర్న్ కోట ఫొటో ఫోన్‌లో చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి జరుపుకుని చూసి, "ఇది 1850 తర్వాత కట్టిందేగా అమ్మాయ్. పాతదానిలా కనబడాలని కట్టారు. దీనికి టికెట్టు కూడానా?" అన్నాడు.

మరి ఏం చూస్తావు బాబాయ్ అంటే, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. నాలుగు ఊళ్ళ పేర్లున్నాయి అందులో. స్టుట్‌గార్ట్ పక్కన ఎనిమిదేళ్ళ నుంచి ఉంటున్నాను కదా, వాటిలో రెండు పేర్లు నేనెప్పుడూ వినలేదు. అన్నీ ఒకప్పుడు సినగాగ్‌లున్న ఊళ్ళు. యూదుల ప్రార్థన మందిరాన్ని సినగాగ్ అంటారు.

ఈయనకి ఈ పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. కొద్ది కుటుంబాలే, ఒక చిన్న సినగాగ్ కట్టుకున్నారు. బాబాయి ఒకసారి పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. అప్పట్నుంచీ ఎవరు ఎదురుపడినా ఆ సంగతి చెప్పకుండా వదలడు.

మేలో గురువారం సెలవొస్తే శుక్రవారం కూడా కలిపేసుకోవడం ఇక్కడి ఆఫీసుల్లో మామూలే. శని, ఆదివారాలతో నాలుగు రోజులయ్యాయి. పిల్లల్ని వాళ్ళ నాన్నకి అప్పగించి బయల్దేరాం.

గురువారం, ట్యూబింగెన్

రైలు ఇరవై నిమిషాలు లేటు. బాబాయి తెగ సంతోషపడ్డాడు. "జర్మనీలో కూడా లేటవుతాయన్నమాట!"

ట్యూబింగెన్ అందమైన ఊరు. నెకార్ నది, దాని ఒడ్డున రంగురంగుల ఇళ్ళు, ఎక్కడ చూసినా విద్యార్థులు. ఇక్కడి యూనివర్సిటీని 1477లో ఎబర్‌హార్డ్ అనే ప్రభువు పెట్టాడు. గడ్డం ఎబర్‌హార్డ్ అని పిలుస్తారు. ఆయన పేరు యూనివర్సిటీ పేరులో ఈనాటికీ ఉంది. యూనివర్సిటీకిచ్చిన అధికారపత్రంలోనే ఆయన ఇంకో మాట కూడా రాయించాడు: ఊళ్ళో యూదుల్ని ఉండనివ్వకూడదని. చదువుల తల్లిని లోపలికి తెచ్చిన చేత్తోనే యూదుల్ని బయటికి పంపాడు. పాత ఊళ్ళో యూదుల వీధి అని ఒక సందు మాత్రం మిగిలింది. ఎబర్‌హార్డ్ 1496లో పోయాడు. తాను రాసిన వీలునామాలో తన రాజ్యమంతటా యూదులు ఉండకూడదన్నాడు. ఆ మాట వూర్టెంబెర్గ్‌లో సుమారు మూడు వందల ఏళ్ళు చెల్లింది.

నేను అప్పటిదాకా అనుకున్నదేమిటంటే, యూదులంటే పట్నాలవాళ్ళు, వ్యాపారులు, డాక్టర్లు అని. మరి ఈ చుట్టుపక్కల పల్లెటూళ్ళలో సినగాగ్‌లు ఎందుకున్నాయి? కాఫీ తాగుతూ బాబాయి పేపర్ నాప్‌కిన్ మీద బొమ్మ గీశాడు. అప్పటి జర్మనీ ఒక దేశం కాదు, అతుకుల బొంత. పెద్ద గుడ్డ వూర్టెంబెర్గ్. దాని మధ్యన, అంచుల్లో చిన్న చిన్న అతుకులు. ఒకటి హోహెన్‌జోలర్న్ రాజులది, ఇంకొకటి ఆస్ట్రియా వాళ్ళది, మరొకటి ఏదో యోధుల మఠానిది, కొన్ని ఊళ్ళు చిన్న జమీందార్లవి. పెద్ద గుడ్డ మీంచి తరిమేస్తే జనం అతుకుల మీదికి చేరారు. ఆ చిన్న ప్రభువులకి వీళ్ళ మీద ప్రేమేం లేదు. రక్షణ పన్ను పేరుతో ఏటా డబ్బు వచ్చేది, అంతే.

"మన దగ్గర కూడా జమీందారు కొత్త పేట కట్టించి సాలెవాళ్ళని పిలిచేవాడు చూడు, పన్ను కోసం" అన్నాడు బాబాయి.

సాయంత్రం గార్టెన్‌స్ట్రాసె అనే వీధికి వెళ్ళాం. యూదులకి పట్నాల తలుపులు తెరుచుకున్నాక, పక్కనున్న వాంక్‌హైమ్ పల్లెలోని యూదులు ట్యూబింగెన్‌కి మారి 1882లో ఇక్కడ సినగాగ్ కట్టుకున్నారు. పల్లెలో ఉన్న పాతదాన్ని విప్పేశారు. యాభై ఆరేళ్ళు నిలిచింది కొత్తది. 1938 నవంబరు 9 రాత్రి తగలబెట్టారు. ఆ రాత్రీ మర్నాడూ కలిపి నాజీలు దేశమంతటా 1400కి పైగా సినగాగ్‌లని, ప్రార్థన గదుల్ని పాడుచేశారని లెక్క. ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి, ఒక స్మారకం ఉంది. ఓ బాల్కనీలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఐదు నిమిషాలు నిలబడి వచ్చేశాం. ఏమీ మిగలని చోట చూడటానికేముంటుంది?

శుక్రవారం, రెక్సింగెన్

పొద్దున్నే నది వెంబడి వెళ్ళే చిన్న రైల్లో హోర్బ్ చేరాం. అక్కణ్ణుంచి రెక్సింగెన్‌కి బస్సుంది, మేము చూస్తుండగానే వెళ్ళిపోయింది. నడిస్తే ముప్పావు గంట. పక్క లోయలోకి దారి, రెండు వైపులా యాపిల్ చెట్లు. బాబాయి మోకాళ్ళ గురించి నాకు టెన్షన్. ఆయనకి లేదు.

రెక్సింగెన్ ఒకప్పుడు సెయింట్ జాన్ యోధుల మఠానిది. వాళ్ళు యూదుల్ని ఉండనిచ్చారు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ఊళ్ళో దాదాపు మూడో వంతు వాళ్ళే. ఎక్కువమంది పశువుల బేరగాళ్ళు. నల్లడవి వైపు ఊళ్ళు తిరిగి ఆవుల్ని కొనడం, తోలుకొచ్చి ఇక్కడి రైతులకి అమ్మడం, డబ్బు లేకపోతే వాయిదాలకివ్వడం. శుక్రవారం సాయంత్రానికల్లా ఇల్లు చేరేవాళ్ళు. సబ్బాతు రోజున, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వాళ్ళ విశ్రాంతి రోజున, పని చేయరు కదా. పక్కింటి కాథలిక్ అమ్మాయి వచ్చి పొయ్యి రాజేసి పెట్టేది. ఈ ఏర్పాటు జర్మనీలో చాలా పల్లెల్లో ఉండేది.

బేరం కుదిరిందంటే చేతిలో చెయ్యి వేసి గట్టిగా కొట్టడమే, కాగితం ఉండేది కాదు. బేరగాళ్ళు తమలో తాము హీబ్రూ మాటలు కలిపి మాట్లాడుకునేవాళ్ళు. వినీ వినీ రైతులకి కూడా అవి వచ్చేశాయి. అదృష్టానికి జర్మన్లు 'మాసెల్' అంటారు. మా ఆఫీసులో రోజూ వింటాను, అది ఆ దారిలో వచ్చిన మాటేనని నాకిప్పటిదాకా తెలీదు. బాబాయి వెంటనే మన పశువుల సంత ఎత్తుకున్నాడు. తువ్వాలు కప్పి దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పడం, ఇద్దరి మొహాల్లోనూ ఏమీ కనబడనీకపోవడం. ఆ సంతలో బేరగాడికి రైతు అప్పుపడటం, తిట్టుకోవడం, మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళడం. "ఇక్కడా అంతే అయ్యుంటుంది. అప్పిచ్చినవాణ్ణి తిట్టుకోవడం వేరు, ఇల్లు తగలబెట్టడం వేరు. మధ్యలో ఏదో జరగాలి" అన్నాడు. ఆ 'ఏదో' గురించి ఆయనా నేనూ నడిచినంతసేపూ వాదించుకున్నాం, తేలలేదు.

ముందు శ్మశానానికి వెళ్ళాం. ఊరి పైన అడవిలో, ఏటవాలులో, వెయ్యికి పైగా రాళ్ళు. నాచు పట్టి, కొన్ని ఒరిగిపోయి, చెట్ల వేళ్ళతో కలిసిపోయి ఉన్నాయి. యూదుల శ్మశానంలో మగవాళ్ళు తల కప్పుకోవాలి. నాకు ఆ సంగతి గుర్తులేదు. బాబాయికి గుర్తుంది. సంచీలోంచి మంకీ క్యాప్ తీసి చెవుల దాకా లాగేసుకున్నాడు. మే నెల ఎండలో, అడవి మధ్యలో, మంకీ క్యాప్‌తో ఆయన హీబ్రూ రాళ్ళ మధ్య నిలబడ్డ ఫొటో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బాగా తిరిగింది.

ఇక్కడొక విషయం చెప్పాలి. జర్మనీలో మామూలుగా సమాధి అంటే అద్దె ఇల్లు లాంటిది. పాతికేళ్ళో ఎంతో గడువుంటుంది. డబ్బు కట్టి పొడిగించకపోతే రాయి తీసేస్తారు, ఆ చోటు ఇంకొకరికి వెళ్తుంది. యూదుల ఆచారంలో అలా కాదు, సమాధి శాశ్వతం. కదిలించకూడదు. అందుకే మనుషులు లేకుండా పోయిన ఊళ్ళలో కూడా వాళ్ళ శ్మశానాలు ఉండిపోయాయి. బతికున్నవాళ్ళని ఉండనివ్వని ఊళ్ళో పోయినవాళ్ళు ఉన్నారు.

రెక్సింగెన్‌కి ఇంకో ప్రత్యేకత ఉంది. 1933 తర్వాత చాలా పల్లెల్లో యూదులు ఒక్కొక్క కుటుంబంగా దొరికిన దారిన వెళ్ళిపోయారు, అమెరికాకో అర్జెంటీనాకో. రెక్సింగెన్ వాళ్ళు మాత్రం ఊరు ఊరుగా వెళ్దామనుకున్నారు. కొందరు ముందుగా వెళ్ళి చోటు చూసొచ్చారు. 1938 ఏప్రిల్ 13న అప్పటి పాలస్తీనాలో, సముద్రం ఒడ్డున, షావే జియోన్ అనే ఊరు పెట్టారు. తరతరాలుగా ఆవుల్ని కొని అమ్మినవాళ్ళు అక్కడ ఆవుల్ని పెంచారు, కూరగాయలు పండించారు, తాము వదిలొచ్చిన ప్రాంతపు ష్వాబియా యాస మాట్లాడుకున్నారు. ఆ ఊరు ఈనాటికీ ఉంది. అందరూ మాత్రం వెళ్ళలేకపోయారు. ముసలివాళ్ళు, డబ్బు చాలనివాళ్ళు, ఇంకాస్త చూద్దామనుకున్నవాళ్ళు ఉండిపోయారు. కొత్త ఊరు పుట్టిన ఏడు నెలలకి పాత ఊళ్ళో సినగాగ్‌కి నిప్పు పెట్టారు.

నిప్పు పెట్టారు గానీ అది పూర్తిగా కాలలేదు, ఆర్పేశారు. 1837లో కట్టిన ఆ భవనం ఇప్పుడు ప్రొటెస్టెంట్ చర్చి. రెక్సింగెన్‌లో మిగిలినవాళ్ళంతా కాథలిక్‌లైతే ఈ చర్చి ఎవరికి? యుద్ధం తర్వాత తూర్పు నుంచి తరిమివేయబడ్డ జర్మన్లు లక్షలాదిగా ఇటు వచ్చారు, వాళ్ళలో చాలామంది ప్రొటెస్టెంట్‌లు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి ప్రార్థనకి చోటు కావాలి, ఊళ్ళో ఒక ఖాళీ భవనం ఉంది. 1952 నుంచి అది చర్చి. ఇక్కణ్ణుంచి తరమబడ్డవాళ్ళ గుడిలో ఇంకెక్కణ్ణుంచో తరమబడి వచ్చినవాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నారు. దీన్ని మంచి అనాలా చెడు అనాలా నాకు తెలీలేదు. బయట నుంచి చూస్తే పొడవాటి కమాను కిటికీలతో ఇప్పటికీ సినగాగ్ లాగానే ఉంది. చూపించిన పెద్దాయన అన్నదేమిటంటే, చర్చి కావడం వల్లే పైకప్పు నిలిచిందని. అదీ నిజమే. అక్కడా ఇక్కడా విన్నాను, ఖాళీగా వదిలేసినవి చాలావరకు కూలిపోయాయి, లేదా పార్కింగ్ స్థలాలయ్యాయి.

రాత్రి హోర్బ్‌లోనే చిన్న హోటల్లో దిగాం. బాబాయికి జున్ను వేసిన ష్పెట్జ్లే తినిపించాను. "సేమ్యా ఉప్మాలో వెన్న ఎక్కువైనట్టుంది" అన్నాడు గానీ ప్లేటు ఖాళీ చేశాడు.

శనివారం, హెషింగెన్, ఆ తర్వాత హైగర్‌లోఖ్

కొండ మీద కోట, కింద హెషింగెన్. అందరూ కోటకి వెళ్ళే బస్సెక్కారు, మేమిద్దరం ఊళ్ళోకి నడిచాం.

ఇది హోహెన్‌జోలర్న్ రాజుల అతుకు. ఇక్కడ 1840ల నాటికి ఎనిమిది వందల మందికి పైగా యూదులుండేవాళ్ళు, ఊళ్ళో ఇంచుమించు నాలుగో వంతు. వీళ్ళు పశువుల బేరగాళ్ళు కారు, రాజుగారి ఖజానాతో లావాదేవీలున్నవాళ్ళు, తర్వాతి కాలంలో బట్టల మిల్లులు పెట్టినవాళ్ళు. అందరిలోకీ పెద్ద పేరు కరొలీన్ కావుల్లా అనే ఆవిడది. 1739లో పుట్టింది. సైన్యాలకి గుర్రాలు, ధాన్యం సరఫరా చేసేది. ఆ రోజుల్లో జర్మనీలోని అత్యంత ధనవంతుల్లో ఒకరు. 1802లో తమ్ముడితో కలిసి, ప్రభువుతో భాగస్వామ్యంలో, వూర్టెంబెర్గ్ ఆస్థాన బ్యాంకు పెట్టింది. ఏ వూర్టెంబెర్గ్? యూదులు కాలు పెట్టకూడదని గడ్డం ఎబర్‌హార్డ్ రాసిపెట్టిన వూర్టెంబెర్గే. బాబాయి ఈ సంగతి విని అంత గట్టిగా నవ్వాడంటే దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు.

సినగాగ్ గోల్డ్‌ష్మీడ్ వీధిలో, ఇళ్ళ వరసలో ఇరుక్కుని ఉంది. 1767లో కట్టారు, 1850ల మొదట్లో మార్చి గొప్పగా చేశారు. 1938లో లోపలంతా పగలగొట్టారు, కానీ కాల్చలేదు. ఎందుకంటే పక్కిళ్ళు అంటుకుంటాయి కాబట్టి. ఆ తర్వాత నలభై ఏళ్ళు వర్క్‌షాపో గోదామో, ఏదో ఒకటి. కూల్చేయబోతుంటే 1979లో ఊరివాళ్ళు కొందరు సంఘం కట్టి అడ్డుపడ్డారు, 1986కి బాగుచేశారు. ఇప్పుడక్కడ కచేరీలు, ప్రసంగాలు జరుగుతాయి, పైన ప్రదర్శన ఉంది. రంగులన్నీ తిరిగి వేశారు, చాలా అందంగా ఉంది. అందంగా ఉందనే నాకు ఇబ్బంది. ఏమీ జరగనట్టుంది. అదే అన్నాను.

"పడిపోయిన గుడిని తిరిగి కడితే సున్నం వెయ్యరా ఏంటి?" అన్నాడు బాబాయి. ఆయనకి నచ్చింది. అరగంట పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

ఊళ్ళో ఇంకో కథ ఉంది. ఐన్‌స్టీన్ రెండో భార్య ఎల్సా 1876లో ఇక్కడే పుట్టింది, వాళ్ళ నాన్నది బట్టల వ్యాపారం. బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ భౌతికశాస్త్ర సంస్థ 1917లో మొదలైనప్పుడు దాని మొదటి డైరెక్టర్ ఐన్‌స్టీన్. 1932 చివర్లో దేశం దాటిన ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. బాంబుల భయంతో అదే సంస్థని యుద్ధం చివరి ఏళ్ళలో తరలించారు. ఎక్కడికి? హెషింగెన్‌కి, ఒక బట్టల మిల్లులోకి. హైసెన్‌బెర్గ్, మిగతా శాస్త్రవేత్తలు ఇక్కడ ఇళ్ళల్లో అద్దెకున్నారు. అణు రియాక్టర్ కోసం చేసిన యురేనియం ప్రయోగం మాత్రం పదిహేను కిలోమీటర్ల అవతల హైగర్‌లోఖ్‌లో, కొండ కింద బీరు నిల్వ చేసే గుహలో జరిగింది. 664 యురేనియం దిమ్మల్ని వేలాడదీసి, చుట్టూ భారజలం (రియాక్టర్లలో వాడే ఒక రకం నీరు) నింపారు. 1945 ఏప్రిల్లో అమెరికన్లు వచ్చి అన్నీ పట్టుకుపోయారు.

మధ్యాహ్నం బస్సెక్కి హైగర్‌లోఖ్ వెళ్తే బస్సులో ఉన్న టూరిస్టులంతా ఆ గుహ కోసమే. ఊరు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఐయాఖ్ అనే చిన్న ఏరు మెలికలు తిరుగుతుంది, మెలికల మధ్య నిట్టనిలువు రాళ్ళు, వాటి మీద కోట, చర్చి. ఎక్కడ చూసినా లేత ఊదారంగు లైలాక్ పూలు. గుహ మేమూ చూశాం, అబద్ధం ఎందుకు. చల్లగా ఉంది, పది నిమిషాల్లో అయిపోయింది.

యూదులుండే చోటు ఊరికి అవతలి చివర, దాన్ని హాగ్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రాజు వాళ్ళందర్నీ అక్కడే ఉండమన్నాడు. సినగాగ్, రబ్బీ (యూదుల మతగురువు) ఇల్లు, బడి, శ్మశానం, అన్నీ నూరు గజాల్లో. అంత దగ్గరగా ఉండటం వల్ల ఏమైందంటే, 1941లో వాళ్ళని పట్టుకెళ్ళే పోలీసులకి పని సులువైంది. అంతకుముందే స్టుట్‌గార్ట్ లాంటి పట్నాల నుంచి యూదు ముసలివాళ్ళని కూడా ఇళ్ళు ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చి కుక్కారు. నవంబరు చివర్లో మొదటి జట్టుని ఊరి స్టేషన్ నుంచి స్టుట్‌గార్ట్‌లోని కిల్లెస్‌బెర్గ్‌కి తీసుకెళ్ళారు. డిసెంబరు 1న అక్కణ్ణుంచి సుమారు వెయ్యిమందితో రైలు లాట్వియాలోని రీగాకి బయల్దేరింది. రెక్సింగెన్, హెషింగెన్, బైజింగెన్, మేము తిరిగిన ఊళ్ళ మనుషులంతా ఉన్నారు అందులో. తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమంది.

కిల్లెస్‌బెర్గ్ ఇప్పుడు పార్కు. చిన్న పొగబండి తిరుగుతుంది, డేలియా పూలు పూస్తాయి. మా పిల్లల పుట్టినరోజులు రెండు అక్కడే చేశాం. అప్పుడు కూడా అది పూల ప్రదర్శన కోసం కట్టిన హాలే. జనాన్ని నేల మీద పడుకోబెట్టారు. ప్రదర్శనలో ఆ పేరు చదివాక బాబాయికి నేనేమీ చెప్పలేదు. ఆయన నా మొహం చూసి బయటికెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

హైగర్‌లోఖ్ సినగాగ్ 1783 నాటిది. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది దీని తర్వాతి బతుకు. 1938లో బయటి ఊరి నుంచి వచ్చిన దళం లోపలంతా ధ్వంసం చేసింది. యుద్ధం అయ్యాక 1950లలో అది సినిమా హాలు. తర్వాత కిరాణా సూపర్‌మార్కెట్. ఆ తర్వాత బట్టల గోదాం. సినిమా హాలుగా ఉన్నప్పుడు ఊళ్ళో కుర్రాళ్ళంతా వెళ్ళే ఉంటారు, శనివారం సాయంత్రం, టికెట్టు కొనుక్కుని. వాళ్ళకి ఆ గోడలేమిటో తెలుసు. తెలీకుండా ఎలా ఉంటుంది, పదిహేనేళ్ళ కిందటి మాట. అలాంటి చోట పాలు, గుడ్లు, బంగాళాదుంపలు కొనుక్కున్నారు. ఇది నాకు ఆ రాత్రి జరిగిన దాడి కంటే అర్థంకాని విషయం. దాడి చేసినవాళ్ళు వేరే ఊరివాళ్ళని చెప్పుకోవచ్చు. బంగాళాదుంపలు కొన్నది మాత్రం ఊరివాళ్ళే.

ఇదే మాట అక్కడ టికెట్లిచ్చే ఆవిడతో అన్నాను, కాస్త దురుసుగానే. డెబ్భై దాటిన మనిషి. కోపం తెచ్చుకోలేదు. తనూ కొన్నదట. అమ్మ పంపేదట. "అడగకూడదని మాకెవరూ చెప్పలేదు. అడగకూడదని తెలుసు, అంతే" అంది. 1980ల చివర్లో ఊరివాళ్ళు కొందరు కలిసి ఒక చర్చా బృందం పెట్టుకునేదాకా అలాగే సాగింది. 1999లో మునిసిపాలిటీ భవనాన్ని కొంది, 2003లో తెరిచారు. అప్పుడు కూడా ఊళ్ళో అందరూ ఒప్పుకోలేదట, డబ్బు దండగ అన్నవాళ్ళున్నారట.

మరి యూదులే ఎందుకు తిరిగి తీసుకోలేదని బాబాయి అడిగాడు. ఆ లెక్క సులువు. సినగాగ్‌లో సామూహిక ప్రార్థన జరగాలంటే కనీసం పదిమంది మగవాళ్ళుండాలి, పాత ఆచారం. పదిమంది ఎక్కడున్నారు? చాలాచోట్ల భవనాలు యుద్ధం తర్వాత యూదు సంఘాల చేతికి తిరిగొచ్చాయి, వాళ్ళు అమ్మేశారు. కొన్నవాళ్ళకి పెద్ద హాలు దొరికింది.

ఆదివారం, బైజింగెన్

ఎర్‌గెంజింగెన్ స్టేషన్లో దిగి పొలాల మధ్య నడిచాం, ఆదివారం బస్సుల్లేవు. నూనెగింజల కోసం వేసే రేప్‌సీడ్ పూలు పసుప్పచ్చగా విరగబూశాయి. "మన ఆవ చేను లాగే ఉంది" అని బాబాయి ఒక పువ్వు తెంపి నలిపి వాసన చూశాడు.

బైజింగెన్ ష్టావుఫెన్‌బెర్గ్ వంశం వాళ్ళ ఊరు. 1944లో హిట్లర్‌ని చంపాలని బాంబు పెట్టిన సైనికాధికారి ఆ వంశంవాడే. వాళ్ళ పూర్వీకులు పన్ను తీసుకుని ఇక్కడ యూదుల్ని ఉండనిచ్చారు. 1784లో కట్టిన సినగాగ్ రోడ్డు మీంచి కనబడదు. పెంకుటిళ్ళూ కొట్టాలూ దాటుకుని వెనక్కి వెళ్ళాలి. పేడ వాసన, ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. చూపిస్తానన్న ఆయన తాళం తీసి, లైటు వేయకుండా తలుపు తీశాడు. కావాలనే అనుకుంటాను.

ముందు ఏమీ కనబడలేదు. తర్వాత పైన నీలం. పీపాని సగానికి కోసి బోర్లించినట్టు చెక్క పైకప్పు, దానికి నీలం రంగు, నీలం మీద బంగారు నక్షత్రాలు. కొన్ని రాలిపోయాయి, వాటి జాడలున్నాయి. కింద గోడలు పెచ్చులూడి, గీతలు పడి, ఎక్కడికక్కడ మరమ్మత్తులతో ఉన్నాయి. తూర్పు గోడలో తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలు పెట్టే గూడు పగలగొట్టేసిన చోటు అలాగే ఉంది.

ఇక్కడ కూడా 1938లో లోపలంతా విరగ్గొట్టారు, తగలబెట్టలేదు. కారణం అదే. పక్కనే గడ్డి కొట్టాలు, మొత్తం ఊరు అంటుకునేది. ఆ తర్వాత ఒక రైతు కొన్నాడు, కొట్టంగా వాడుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆ నక్షత్రాల కింద గడ్డి, పనిముట్లు. గడ్డి ఒరుసుకుపోయిన గీతలు గోడల మీద ఉన్నాయి. కానీ గడ్డికి పైకప్పు కారకూడదు కదా, అందుకని రైతు పైకప్పు చూసుకున్నాడు. అలా నక్షత్రాలు బతికాయి. 1980ల చివర్లో రొట్టెన్‌బుర్గ్ మునిసిపాలిటీ దాన్ని కొంది, 1998లో తెరిచారు. బాగుచేసేటప్పుడు పెద్ద చర్చే జరిగింది: కొత్తగా రంగులు వేసి 1784లో ఉన్నట్టు చేద్దామా, లేక ఉన్నది ఉన్నట్టు పడిపోకుండా ఆపుదామా? ఆపడమే చేశారు. ప్రార్థన జరిగిన జాడ, పగలగొట్టిన జాడ, గడ్డి వేసిన జాడ, మూడూ ఒకే గోడ మీద ఉన్నాయి.

హెషింగెన్‌లో నేనన్నదానికి ఇది సాక్ష్యం అనుకుని బాబాయి వైపు చూశాను. ఆయన మంకీ క్యాప్ తీసి పెట్టుకుంటున్నాడు. గుడిలో కూడా తల కప్పుకోవాలిగా అన్నాడు.

పైన ఆడవాళ్ళు కూర్చునే గ్యాలరీలో చిన్న ప్రదర్శన ఉంది. అటక మీద దొరికిన చిరిగిన ప్రార్థన పుస్తకాల పేజీలు అద్దాల వెనక పెట్టారు. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులు పారేయరు, చెత్తలో వేయరు, కాల్చరు. ఒక మూల దాచి ఉంచుతారు, లేదా పాతిపెడతారు. అందుకే ఇలాంటి పాత సినగాగ్‌ల అటకల మీద కట్టలు కట్టలుగా దొరుకుతుంటాయి.

"మా అమ్మ కూడా అంతే" అన్నాడు బాబాయి. "పెళ్ళి శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ ఉందని పారేసేది కాదు. బీరువా నిండా శుభలేఖలే. నువ్వు చూశావుగా."

చూశాను. నానమ్మ పోయాక వాటినేం చేయాలో తెలీక గోనెసంచీలో వేసి కృష్ణలో కలిపొచ్చారు.

కిందికి దిగాక బాబాయి చాలాసేపు తల పైకెత్తి నిలబడ్డాడు. నాకు మెడ నొప్పేసింది, ఆయనకెలా లేదో. చూపించే ఆయన జర్మన్‌లో ఏదో అడిగాడు, మీవాళ్ళు ఏ ఊరు అని. గుంటూరు అని చెప్తే ఏం తెలుస్తుంది? బాబాయి నన్ను ఆపి, తన ఇంగ్లీషులో కొత్తరెడ్డిపాలెం గురించి మొదలుపెట్టాడు. నేను జర్మన్‌లోకి మార్చాను. తెలుగు మాట్లాడే యూదులు, వరి పొలాల మధ్య ఊరు, చిన్న సినగాగ్. ఆయన రెండుసార్లు అడిగాడు, ఇప్పుడు కూడా ప్రార్థన జరుగుతోందా అని. జరుగుతోంది అన్నాడు బాబాయి. పదిమంది వస్తారా అని మళ్ళీ అడిగాడు.

"వస్తారని చెప్పమ్మాయ్" అన్నాడు బాబాయి.

స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు తెనాలి నుంచి పిన్ని వీడియో కాల్ చేసింది. నాలుగు రోజులుగా ఫొటోల్లో కోట ఒక్కటీ కనబడలేదని ఆవిడకి కోపం.

"ఇంతకీ ఇవాళేం చూశారు?"

"కొట్టం చూశాం" అన్నాడు బాబాయి.

"కొట్టమా? దానికి జర్మనీ దాకా వెళ్ళాలా? మన దొడ్లో లేదూ?"

"ఉంది గానీ, మనదానికి పైన నక్షత్రాల్లేవే" అన్నాడు. పిన్నికి వినబడలేదు, సిగ్నల్ పోయింది.